జిద్దీ మాద్దా

మా చిన్నది ఐదో క్లాసు. పోయిన నెల ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలోంచి తనే ఒకటి లాగింది. లోపల పేజీ పేజీకీ బొమ్మలు, బాణం గుర్తులు, యంత్రాల నక్షాలు. 'ఫ్రాంక్ ఐన్‌స్టీన్ అండ్ ది యాంటీమాటర్ మోటార్'. రాసింది జాన్ షెస్కా, బొమ్మలు బ్రయాన్ బిగ్స్, 2014లో వచ్చిన అమెరికా నవల. పిల్లల పుస్తకమే కదా, పది నిమిషాల పని అనుకున్నా. ఆ పుస్తకం నా ముప్పై ఏళ్ళ పాత లెక్క ఒకటి బయటికి తీస్తుందని నాకేం తెలుసు!

కిస్సా ఇదీ. ఫ్రాంక్ బడిపిల్లాడు. తాతయ్య అల్‌తో ఉంటాడు. ఆ తాతయ్యది పాడైన సామాన్లు బాగుచేసే దుకాణం. గ్యారేజీయే పిల్లాడి ప్రయోగశాల. ఒక రాత్రి ఉరుములు, మెరుపులు. ఆ కరెంటు దెబ్బకి తుక్కు సామాను రెండు రోబోలై లేచి కూర్చుంటుంది. క్లింక్‌కి తెలివెక్కువ, నోరూ ఎక్కువే. క్లాంక్‌కి దిల్ ఎక్కువ, ఊరికే కౌగిలించుకుంటానంటాడు. ఇక దుష్మన్ పేరేంటనుకున్నారు? టి. ఎడిసన్! వాడికి ఒక చింపాంజీ తోడు. పిల్లాడి పేరులో ఫ్రాంకెన్‌స్టీన్, ఐన్‌స్టీన్ ఇద్దరూ దాక్కున్నారని నేను చెప్తే చిన్నది నవ్వలేదు. చింపాంజీకి మాత్రం పడీపడీ నవ్వింది. షెస్కా కొన్నేళ్ళు న్యూయార్క్‌లో బడిపంతులు. పిల్లలు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ పేజీ తిప్పేస్తారో క్లాసులో నిలబడి నేర్చుకున్న మనిషి. అయినా కొన్నిచోట్ల పాఠం వచ్చి కథకి అడ్డంగా కూర్చుంటుంది. చిన్నదానికి ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. "ఇందులో మెషిన్లు చేసేవాళ్ళంతా అబ్బాయిలే ఏంటి అబ్బూ?" అంది. తర్వాతి పుస్తకాల్లో ఒక అమ్మాయి వస్తుందని సర్దిచెప్పా. ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సహీ అని నాకూ అనిపించింది.

సరే, అసలు సంగతికొస్తా. రెండో రోజు నుంచి చిన్నది షర్తు పెట్టింది, దాదాజాన్‌కి కూడా వినిపించాల్సిందేనని. పుస్తకంలో తాతయ్య దుకాణం చూశాక దానికి అది తన దాదా కథే అయిపోయింది. నిజానికి తప్పేం లేదు. మా అబ్బాజాన్ పాలమూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేశారు. ఇప్పుడు చూపు తగ్గింది, దుకాణం లేదు. వచ్చిన చదువల్లా ఉర్దూ అఖ్బారు చదవడం వరకే.

నేను ఒక్కో పేజీ ఇంగ్లిష్‌లో చదవడం, వెంటనే తర్జుమా చేసి చెప్పడం. నవల మొత్తం మాటర్ చుట్టూ తిరుగుతుంది. మాటర్‌ని నేను ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. 'మాద్దా' అనేశా. ఘన, ద్రవ, వాయువులు రావాల్సిన చోట 'ఠోస్, మాయె, గ్యాస్' వచ్చేశాయి. ఎనర్జీ 'తవానాయి' అయింది. గురుత్వాకర్షణ గురించి చిన్నది అడిగితే 'కశిష్-ఎ-సిఖ్ల్' అన్నా. తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్ళుగా తెలుగు పత్రికల్లో రాసే నాకు సైన్స్ మాత్రం ఇంకా ఉర్దూలోనే నిద్రపోతోందన్నమాట. యాంటీమాటర్ దగ్గర మాత్రం ఆగా. మా బడి కితాబులో అది లేదు. 'జిద్-ఎ-మాద్దా' అని నేనే కలిపి చెప్పా. జిద్ అంటే వ్యతిరేకం, మొండితనం కూడా. చిన్నది గంతేసింది. "అంటే జిద్దీ మాద్దానా? నాలాగా?" అంది. మాద్దా, జిద్దీ మాద్దా ఎదురుపడితే రెండూ మాయమై తవానాయి మిగులుతుందని చెప్పా. "అయితే అమ్మీ, నేను!" అంది.

ఈ మాటలు ఎక్కడో పుట్టినవి కావు. 1917లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూలో చదువు చెప్పే విశ్వవిద్యాలయం కోసం ఫర్మానా ఇచ్చి, కితాబుల కోసం దార్-ఉల్-తర్జుమా పెట్టించారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని నాజిమ్. భౌతికశాస్త్రం, రసాయనం, వైద్యం, ఇంజనీరింగు, అన్నిటికీ అక్కడ కూర్చుని ఉర్దూ మాటలు కుదిర్చారు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయింది. బళ్ళలో మాత్రం ఉర్దూ మీడియం నిలిచింది. ఆ మిగిలిన బడిలో నేను పదోక్లాసు దాకా చదివా. సైన్స్‌లో ఎప్పుడూ ముందే.

"ఇదంతా నీకు యాద్ ఉందా?" అన్నారు అబ్బాజాన్, కళ్ళు మూసుకునే. "మరి అప్పుడు కాలేజీలో ఎందుకు వదిలేశావ్?"

ముప్పై ఏళ్ళలో మొదటిసారి అడిగారు. అప్పుడు నేను చెప్పింది, తెలుగంటే ఇష్టమని. అది పూర్తి అబద్ధం కాదు, తర్వాత నిజమైంది. కానీ అసలు జరిగింది వేరు. ఇంటర్ ఎంపీసీలో ఇంగ్లిష్ మీడియంలో చేరా. మొదటి వారం లెక్చరర్ ఇనర్షియా అంటే ఏంటని నన్నే లేపి అడిగారు. నాకు 'జుమూద్' తెలుసు. బల్ల మీద నాణెం పెట్టి చూపించడం కూడా తెలుసు. ఆయన అడుగుతున్నది దాన్నేనని తెలియలేదు. క్లాసంతా నవ్వింది. ఇరవై రోజులు వెనక బెంచీలో కూర్చుని హెచ్‌ఈసీకి మారిపోయా. తెలుగు మీడియం. కనీసం వీధిలో విన్న భాష.

చిన్నది ముందే చెప్పేశా ఇదంతా. అబ్బాజాన్ చాలాసేపు మాట్లాడలేదు. నాకు చిన్నప్పటి మర్ఫీ రేడియో గుర్తొచ్చింది. గిరాకీది. పదేళ్ళప్పుడు దుకాణంలో ఎవరూ లేని టైము చూసి విప్పేశా. అబ్బాజాన్ వచ్చారు, చూశారు. నా ఏడుపు మొదలైంది. "పైలే జోడ్, బాద్ మే రో" అన్నారు. ముందు బిగించు, తర్వాత ఏడువు. ఇషా నమాజు వేళ దాకా పక్కనే కూర్చుని నాతోనే బిగింపించారు. మూడు స్క్రూలు మిగిలాయి. రేడియో మాత్రం పాడింది. ఆ మూడు స్క్రూలు గిరాకీకి చెప్పామా లేదా అన్నది మా ఇద్దరి మధ్యే ఉంది.

"ఆ రోజే చెప్పుంటే," అన్నారు చివరికి, "ట్రాన్సిస్టర్ అనే మాట నేనేం ఇంగ్లిష్ చదివి నేర్చుకున్నానా? రోజూ చేత్తో పట్టుకుంటే అదే నోటికొచ్చింది. నీక్కూడా వచ్చేది." కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉండింది. నేను జవాబు చెప్పలేదు. వచ్చేదేమో. రాకపోయేదేమో కూడా. నాతోపాటు పది పాసైన పదకొండు మందిలో సైన్స్ తీసుకుని నిలిచింది ఒక్కడే. వాడికి హైదరాబాద్‌లో మామ ఉన్నాడు, ట్యూషన్ పెట్టించాడు.

చిన్నదానికి మా మాటలు బోర్ కొట్టాయి. క్లాంక్ బొమ్మ ఉన్న పేజీ తెచ్చి దాదా ముఖానికి ఆనించింది. ఆయన భూతద్దం అడిగి తీసుకుని బొమ్మని పై నుంచి కింద దాకా చూశారు.

"ఇంత ఒళ్ళు పెట్టాడు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాడు?"

"దాదాజాన్, మెరుపుతో లేచాడు కదా!"

"మెరుపు ఒక్కసారే. రోజూ నడవాలంటే?"

చిన్నది ఆలోచనలో పడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, రెండేళ్ళుగా అటక మీద ఉన్న పాడైన మిక్సీ ఎక్కడుందని వాళ్ళ అమ్మీని అడగడం వినిపించింది. అబ్బాజాన్ తన పెట్టె తెమ్మన్నారు. స్క్రూడ్రైవర్లు తుప్పు పట్టలేదు. ఎప్పటికప్పుడు నూనె రాస్తున్నారట, నాకు తెలియదు.

నవల ఇంకా నలభై పేజీలు మిగిలింది. టి. ఎడిసన్ రోబోలను ఎత్తుకుపోయాడు. మిక్సీ మాత్రం చాప మీద ముక్కలుగా ఉంది, ఎవరూ తొక్కకూడదని హుకుం.