రాత్రి కూర్చునేదెవరు?

ఎడిసన్‌లో మా బాబాయిని హాస్పిస్‌లో చేర్చామని చెప్పగానే గుంటూరు నుంచి మా మేనత్త అడిగింది, "ఏ ఆస్పత్రిరా?" అని. ఆస్పత్రి కాదత్తా, ఇంట్లోనే అన్నాను. "ఇంట్లో ఉంచుకుని మళ్లీ చేర్చడమేమిట్రా?" న్యాయమైన ప్రశ్నే.

అమెరికాలో హాస్పిస్, అంటే చివరి రోజుల్లో ఉన్నవారికి బాధ తగ్గించే సేవ, చాలావరకు ఇంటికే వస్తుంది. మంచం, ఆక్సిజన్ యంత్రం, మందులు తెచ్చిపెడతారు. నర్సు వారానికి రెండు మూడుసార్లు వస్తుంది, ఒళ్లు తుడిచి బట్టలు మార్చడానికి ఎయిడ్ వస్తుంది. 1983 నుంచి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ ఖర్చు భరిస్తోంది. జబ్బు తన దారిన తాను పోతే ఆరు నెలలకు మించి ఉండరని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి, ఆ జబ్బు నయం కావడానికి చేసే వైద్యం ఇక వద్దని రోగి సంతకం పెట్టాలి. ఆయనకు చెప్పకుండా మనమే పెట్టేద్దామని పిన్ని నాతో గుసగుసలాడింది. మనిషికి తెలివి ఉన్నంతవరకు సంతకం ఆయనదేనంది నర్సు. బాబాయి కళ్లజోడు తెమ్మని ప్రతి పేజీ చదివి మరీ పెట్టారు.

ఆరు నెలలు దాటితే బయటికి పంపేయరు. మళ్లీ చూసి పొడిగిస్తారు. జిమ్మీ కార్టర్ 2023 ఫిబ్రవరిలో ఇంట్లోనే హాస్పిస్‌లో చేరి, అందులో ఉండగానే నూరేళ్ల పుట్టినరోజు చేసుకుని, 2024 డిసెంబరు 29న పోయారు. ఈ సంగతి చెప్పాకే పిన్ని కాస్త కుదుటపడింది.

అసలు చిక్కు హాస్పిస్ కంపెనీ కరపత్రంతో వచ్చింది. 'ఇంటివద్దే 24 గంటల నర్సింగ్' అని పెద్దక్షరాలతో ఉంది. నర్సు ఇక్కడే ఉంటుందనుకుని పిన్ని మేడమీద గదిలో కొత్త దుప్పటి పరిచి, మంచం పక్కన మంచినీళ్ల సీసా కూడా పెట్టింది. చేర్చుకోవడానికి వచ్చిన మలయాళీ నర్సు అది చూసి, చాలా ఇళ్లలో ఇలాగే గది సిద్ధం చేస్తారని మెల్లిగా చెప్పింది. 24 గంటలూ ఉండేది ఫోను. అవసరమైతే ఏ వేళప్పుడైనా నర్సు బయల్దేరి వస్తుంది, అంతే.

పక్కనే కూర్చునే నర్సు దొరకదని కాదు. నొప్పి, ఆయాసం అదుపు తప్పినప్పుడు మెడికేర్ 'కంటిన్యువస్ కేర్' ఇస్తుంది. రోజులో కనీసం 8 గంటలు మనుషులుంటారు, అందులో సగానికి పైగా నర్సే ఉండాలి. పరిస్థితి సర్దుకోగానే ఆపేస్తారు. ఇంటివాళ్లు అలిసిపోతే రోగిని అయిదు రోజుల దాకా వేరేచోట ఉంచుకుని చూస్తారు. మిగతా గంటలన్నీ మనవే. ఇంత ముఖ్యమైన సంగతిని చిన్నక్షరాల్లో అచ్చువేసే కంపెనీలంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట.

మా తమ్ముడు ఆఫీసులో సెలవు పెట్టాడు. ఇక్కడి ఫెడరల్ చట్టం పన్నెండు వారాల దాకా ఉద్యోగం కాపాడుతుంది గానీ జీతం ఇమ్మనదు. ఊళ్లో మనవాళ్లు మాత్రం నిజంగా కదిలారు. వాట్సాప్‌లో వంతులేసుకుని పప్పు, చారు, దొండకాయ వేపుడు తెచ్చారు. ఫ్రిజ్‌లో చోటు చాల్లేదు. అయితే కూరలు తెచ్చేవాళ్లు పాతికమంది ఉంటే, రాత్రి రెండు నుంచి అయిదు దాకా కూర్చుంటానన్నవాళ్లు ఇద్దరు. 1993లో కాలికట్‌లో మొదలై కేరళలో ఊరూరా పాకిన పాలియేటివ్ (బాధ తగ్గించే) సేవా సంఘాల బలమంతా ఇరుగుపొరుగు మనుషులే. ఇక్కడి మన తెలుగు సంఘాలకు సంక్రాంతి ముగ్గుల పోటీ మీదున్న శ్రద్ధలో వీసమెత్తు ఇటు మళ్లినా చాలు.

ఆ ఫోను విలువ నాకు ఒక రాత్రి తెలిసింది. బాబాయి గొంతులో గురగుర మొదలైంది. పిన్ని 911 అంటోంది. అంబులెన్సువాళ్లొస్తే ఆస్పత్రికి తీసుకుపోతారు, అది వద్దనే కదా ఆయన సంతకం పెట్టింది. హాస్పిస్ నంబరుకు చేశాం. అవతలి నర్సు నన్ను నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి చెప్పమంది. తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న కంఫర్ట్ కిట్ తెరిపించింది. చుక్కల మందు నాలుక కిందికి, సూదిలేని సిరంజితో మార్ఫిన్ బుగ్గ లోపలికి. "అదిస్తే పోతారుటగా" అంది పిన్ని. చెప్పిన కొలతలో ఇస్తే ఆయాసం తగ్గుతుంది, ప్రాణం తీయదు అంది నర్సు. ఆమె మా గుమ్మంలోకి వచ్చేసరికి బాబాయి నిద్రపోతున్నారు. మా తాతయ్య గుంటూరులో క్యాన్సర్‌తో అరిచిన రాత్రుల్లో ఎవరూ మార్ఫిన్ మాటెత్తలేదు. 1985 మాదకద్రవ్యాల చట్టం ఆ మందును మనదేశంలో అంత దుర్లభం చేసింది. 2014లో సవరించారు. ఇప్పుడు హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో, స్పర్శ్ హాస్పిస్‌లో ఈ సేవ ఉంది.

చివరి రోజుల్లో ముద్ద దిగలేదు. బలవంతం చేయొద్దంది నర్సు. ఏమీ పెట్టకుండా ఎలా అని పిన్ని గొడవ. నోరు తడపడానికి వాళ్లిచ్చిన పుల్లకు గులాబీరంగు స్పాంజి ఉంటుంది. దాన్ని తులసినీళ్లలో ముంచి పెదాలకు అద్దుకోవచ్చనేసరికి రాజీ కుదిరింది.

పోయినప్పుడు నర్సే వచ్చి ధ్రువీకరించింది. మిగిలిన మార్ఫిన్ కొలిచి రాసుకుని, పారబోయడానికి వాడేసిన కాఫీపొడి ఉందా అని అడిగింది. ఫిల్టరులో పిప్పి ఉంది. అందులో కలిపి సంచి కట్టేసింది.

ఇప్పుడు తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నల సంగతైతే వేరే లెక్క. అయిదేళ్లు ఇక్కడ నిండేదాకా మెడికేర్ కొనుక్కోవడానికీ వీల్లేదు, ముందు వాళ్ల ఇన్సూరెన్స్ కాగితాలు చూడాలి. మిగతావాళ్లను సంతకానికి ముందు హాస్పిస్‌ను ఈ రెండూ అడగమంటున్నాను: అర్ధరాత్రి ఫోనెత్తేది నర్సా, కాల్ సెంటరా? రమ్మంటే నర్సు ఎంతసేపట్లో గుమ్మంలో ఉంటుంది?