పన్నెండు మెట్ల కిన్నెర

మాది తుంగతుర్తి. బి.ఎస్సీ.లో తీగె కంపనాల సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కినవాణ్ణి. కాని మిత్రులారా, కిన్నెర మోత నేను మొదట విన్నది బళ్లో చదివేటప్పుడు, 2021లో, అదీ సెల్‌ఫోనులో! ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో దర్శనం మొగులయ్య గొంతు. తాతకు వినిపిస్తే నవ్విండు. “మన కళ్లంల మోగిందే గదరా!”

మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట. డక్కలి కళాకారుడు. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన 12 మెట్లు. మేము ‘అనునాదం’ అని రాసేది ఆ బుర్రల్లోనే ఉంది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ దాని మీద పాడుతాడు. అమెరికాలో మిసిసిపి పత్తిచేల నల్లజాతి కూలీలు ఒక్క గిటారుతో బ్లూస్ పాడుకున్నారట, అటువంటిదే ఇదీ. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మన దిక్కు ఎందుకు ఆగిపోయింది? సినిమాల వల్ల అనుకున్నాను. తాత లెక్క వేరే. “కిన్నెరాయనకు కళ్లంల చాటెడు వడ్లు పోసేటోళ్లం. ఇప్పుడు కళ్లమేది?”

నిజమే. హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టరులో నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతాయి. మా పొలానికి ఆ మిషన్ మాట్లాడింది నేనే. నాలుగు రోజుల పని రెండు గంటల్లో అయిందని మురిసిన.

మొన్న యాసంగి కోతకూ నేనే ఫోన్ చేసిన. గట్టు మీద కూచున్న తాతకు మొగులయ్య పాట పెట్టి ఇచ్చిన. మిషన్ మోతలో ఆయనకేమీ వినపడలేదు.