రేర్, వింటేజ్, అన్‌టెస్టెడ్

నేను వేలంపాటలో కొన్న మొదటి వస్తువు ఒక రైలింజన్. కంగారు పడకండి, బొమ్మదే. జానెడు కంటే కొంచెం పొడవు. దానికి నేను పెట్టింది 86 పౌండ్లు, పోస్టేజీ ఇంకో 4. మన డబ్బుల్లో 9 వేల పైచిలుకు. థర్డ్ ఇయర్‌లో స్కాలర్‌షిప్ పడిన వారానికే అది అలా అయిపోయింది. హాస్టల్లో ఈ సంగతి ఇప్పటిదాకా ముగ్గురికే తెలుసు. ఇక అందరికీ తెలుస్తుంది, పర్లేదు.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా తాత బిట్రగుంట లోకోషెడ్‌లో ఫిట్టర్. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళేటప్పుడు నెల్లూరుకి ముందు వస్తుంది బిట్రగుంట. ఇప్పుడు చాలా రైళ్ళు ఆగవు కాబట్టి మీరు నిద్రలో దాటేసి ఉంటారు. ఆవిరింజన్ల కాలంలో అది పెద్ద షెడ్. ఊరంతా రైల్వే క్వార్టర్లే. కరెంటు ఇంజన్లు వచ్చాక షెడ్ పోయింది, తాతని వేరే చోటికి వేశారు. అక్కడ రిటైరయ్యే దాకా పనిచేశాడు గానీ, ఆయన కబుర్లన్నీ ఆవిరి దగ్గరే ఆగిపోయాయి. ముఖ్యంగా డబ్ల్యుపి ఇంజన్ గురించి. ముందు భాగం తుపాకి గుండులా గుండ్రంగా, దాని మీద నక్షత్రం. పాత సినిమాల్లో రైలొచ్చే సీను చూస్తే గుర్తుపడతారు. 1947లో మొదటివి అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి, తర్వాత మన చిత్తరంజన్‌లో 1967 దాకా తయారయ్యాయి. తాత వాటి కింద పడుకుని ఎన్ని గంటలు గడిపాడో గానీ, ఒక్క ఫోటో లేదు. ఆ రోజుల్లో ఫిట్టర్‌కి ఫోటో ఎవరు తీస్తారు?

అందుకని ఒక మోడల్ కొనిద్దామనుకున్నా. మా బాబాయి ఇంగ్లండ్‌లో డెర్బీలో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. మోడల్ రైళ్ళకి పుట్టిల్లు లాంటి దేశం అది. ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన లివర్‌పూల్‌లో 1920లో బొమ్మ రైళ్ళు మొదలుపెట్టాడు. అప్పట్నుంచి అక్కడ కొన్ని తరాల పిల్లలు వాటితోనే పెరిగారు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యి పోయాక, అటక మీద డబ్బాలు దించి పిల్లలూ మనవలూ ఆన్‌లైన్ వేలంలో పెడతారు. బాబాయి తన అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చి, "నువ్వే చూసుకోరా, నాకు టైం లేదు" అన్నాడు.

మూడు వారాలు వెతికాక దొరికింది. దాని వర్ణన నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "రేర్ వింటేజ్ ఇండియన్ రైల్వేస్ డబ్ల్యుపి క్లాస్, ఓఓ గేజ్, హ్యాండ్‌బిల్ట్, లాఫ్ట్ ఫైండ్, అన్‌టెస్టెడ్." మూడు ఫోటోలు. మూడూ ఎడమ పక్క నుంచే. అది అప్పుడు నాకు తట్టలేదు. నాకు కనిపించింది గుండ్రటి ముక్కూ, దాని మీద నక్షత్రమూ అంతే.

వేలం ముగిసేది అక్కడ ఆదివారం రాత్రి 9కి. నవంబర్ కాబట్టి మనకి సోమవారం తెల్లవారుజామున 2:30. పొద్దున మెషీన్ డిజైన్ మిడ్. రూమ్మేట్ షిగ్లీ పుస్తకం మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు. నేను మాత్రం స్క్రీన్ ముందు. నా హద్దు 40 పౌండ్లని కాగితం మీద రాసి పెట్టుకున్నా కూడా. ఈ వేలాల్లో మనం మన గరిష్ఠ మొత్తం ఒకసారి చెప్పేస్తే సిస్టమే మన తరఫున, అవతలివాడి కన్నా ఒక్క మెట్టు పైకి మాత్రమే పాడుతూ పోతుంది. అంటే కాగితం మీద రాసిన 40 కొట్టి పడుకుంటే సరిపోయేది. కానీ చివరి రెండు నిమిషాల్లో ఎవడో 42 అన్నాడు. 42 ఎక్కడ, 40 ఎక్కడ, రెండు పౌండ్లేగా అనుకున్నా. రెండేసి పౌండ్లు ఎన్నిసార్లు వేస్తే 86 అవుతుందో మీరు లెక్కేసుకోండి.

గెలిచాక లేచి నిలబడి చేతులు పైకెత్తాను. ఎవరూ చూడలేదు. మిడ్‌లో 20కి 7.

తర్వాత సెమ్‌లో ఎకనామిక్స్ ఎలక్టివ్‌లో దీనికో పేరుందని తెలిసింది. విన్నర్స్ కర్స్, గెలిచినవాడికి తగిలే శాపం. 1971లో దీని గురించి రాసింది కూడా ఎకనామిక్స్ వాళ్ళు కాదు, పెట్రోలియం ఇంజనీర్లు. సముద్రంలో చమురు బ్లాకుల వేలంలో, లోపల ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. తలా ఒక అంచనా వేస్తారు. గెలిచేది ఎవరు? అందరికంటే ఎక్కువ పొరబడినవాడు. క్లాసులో సార్ ఇది చెప్తుంటే నా చెవులు వేడెక్కాయి.

సంక్రాంతికి బాబాయి తెచ్చాడు. భోగి రోజు సాయంత్రం, వరండాలో తాత చేతిలో పెట్టా. ఆయన ముందు నవ్వాడు. ముక్కుని బొటనవేలితో తడిమాడు. తర్వాత కళ్ళజోడు మార్చుకుని ఇంజన్‌ని తిరగేశాడు. అప్పుడే నాకు గుండె జారింది. కొనేవాడు పైన చూస్తాడు, ఫిట్టర్ కింద చూస్తాడు.

"అబ్బయా, టెండరుకి ఎన్ని చక్రాలుండాయో లెక్కబెట్టు."

ఆరు.

"డబ్ల్యుపి టెండరుకి ఎనిమిది. రెండు బోగీలు, బోగీకి నాలుగు. ఏందిరా ఇది?"

నేను లోపలికెళ్ళి ఫోన్ తీశా. అరగంటలో తేలిపోయింది. అది డబ్ల్యుపి కాదు, ఇంగ్లండ్‌లో తిరిగిన ప్రిన్సెస్ ఎలిజబెత్ అనే ఇంజన్ మోడల్. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. అమరిక మాత్రం డబ్ల్యుపీదీ అదే, అందుకే ఫోటోలో నప్పింది. 1950 క్రిస్మస్‌కి రోవెక్స్ అనే కంపెనీ మార్క్స్ అండ్ స్పెన్సర్ షాపుల కోసం తయారుచేసిన బొమ్మ అది. తర్వాత ట్రై-ఆంగ్ పేరుతో ఏళ్ళ తరబడి వచ్చింది. రేర్ అనే మాట దీనికి వాడటమంటే మన క్యాంటీన్ సమోసాని రేర్ అనడమే. అమ్ముడుపోయిన వాటి ధరలు చూస్తే 20, 25 పౌండ్లు. ఇక్కడో మాట, ఎవరైనా ఇలాంటివి కొంటే అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. దానికి వేరే ఫిల్టర్ ఉంటుంది. 150 పౌండ్లని పెట్టి రెండేళ్ళుగా అలాగే పడున్నవి బోలెడు. వాటిని చూసే నేను 86 చవకనుకున్నా.

మర్నాడు పగటి వెలుగులో మిగతా భాగోతం బయటపడింది. కుడి పక్క నుంచి చూస్తే బాడీ కొద్దిగా అరటికాయలా వంగి ఉంది. ఆ తొలి రోజుల బాడీలు సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. ఏళ్ళు గడిచేకొద్దీ అది కుంచించుకుపోయి వంగిపోతుంది. మూడు ఫోటోలూ ఎడమ నుంచే ఎందుకో అప్పుడర్థమైంది. ఇక ముక్కు. నాయనమ్మ పక్కనే కూర్చుని అరిసెలు డబ్బాలో సర్దుతోంది, తాత దాన్ని గోటితో గీకుతున్నాడు, టప్‌మని ఊడి అరిసెల్లో పడింది. వెండి రంగేసిన అరబంతి. రోల్-ఆన్ సెంటు సీసాల్లో తిరిగే ప్లాస్టిక్ బంతి ఉంటుంది చూడండి, దాన్ని సగానికి కోసి అతికించారు. హ్యాండ్‌బిల్ట్ అన్నమాట మాత్రం అబద్ధం కాదు.

వాపసు చేద్దామంటే గడువు దాటి నెల పైనే అయింది. డెర్బీలో పార్సిల్ విప్పి చూసిన బాబాయికి చక్రాల లెక్క ఎలా తెలుస్తుంది?

ఆ కోపంలో నెల రోజులు నేను ఈ వేలాల భాష మీద పరిశోధన చేశా. చదువు మీద అంత శ్రద్ధ పెట్టుంటే సీజీపీఏ వేరేగా ఉండేది. 'మింట్' అంటే బొమ్మ కాదు, చాలాసార్లు డబ్బా మాత్రమే బాగుందని. 'బాక్స్‌డ్' అంటే ఏదో ఒక డబ్బాలో ఉందని, అది దాని డబ్బానే కానక్కర్లేదు. 'ఓఓ/హెచ్ఓ' అని రెండూ కలిపి రాశారంటే అమ్మేవాడికి తేడా తెలియదు, లేదా మనకి తెలియదని ధీమా. హెచ్ఓ 1:87, ఓఓ సుమారు 1:76. రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల ఒకే పట్టాల మీద. ఇంగ్లండ్ ఇంజన్లు సన్నవి, అప్పటి మోటర్లు 1:87 బాడీలో పట్టలేదు, అందుకని బాడీ పెంచి పట్టాలు అలాగే ఉంచేశారు. తాతకి ఇది చెబితే కాగితం తీసుకుని లెక్కేశాడు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 76తో భాగిస్తే 22. "మరి ఇది 16న్నర. అటు బ్రాడ్‌గేజీ కాదు, ఇటు మీటర్‌గేజీ కాదు. ఏ లైన్లో తోలమంటావు?"

'స్లైట్ వేర్' ఇంకా ప్రమాదం. యుద్ధానికి ముందటి పోత లోహం బొమ్మల్లో జింక్ మిశ్రమం ఉంటుంది. అందులో సీసం లాంటి మలినం కొంచెం కలిసినా కాలం గడిచేకొద్దీ లోపలి నుంచి పగుళ్ళిచ్చి బిస్కెట్‌లా విరిగిపోతుంది. మెటలర్జీలో ఇంటర్‌గ్రాన్యులర్ కరోజన్ అని రెండు మార్కుల ప్రశ్నగా చదివాం కదా, అదే.

అన్నిటికన్నా గొప్ప మాట మాత్రం 'అన్‌టెస్టెడ్'. "నా దగ్గర పట్టాలు లేవు, అందుకే పరీక్షించలేదు" అంటారు. ఇవి నడిచేది 12 వోల్టుల డీసీ మీద. 9 వోల్టుల చదరపు బ్యాటరీ తెచ్చి, రెండు కొసలూ రెండు వైపుల చక్రాలకి తాకిస్తే చాలు, బతికుందో లేదో తెలిసిపోతుంది. పట్టాలక్కర్లేదు. కాబట్టి అన్‌టెస్టెడ్ అంటే నా అనుభవంలో ఒకటే అర్థం. టెస్ట్ చేశాం, తిరగలేదు.

ఇప్పుడు అసలు విషయం. బాబాయి తిరిగి వెళ్ళే ముందు, "మళ్ళీ అక్కడే పెట్టి అమ్మేద్దాం, వాడు రాసిందే కాపీ కొట్టు" అన్నాడు. ముక్కు ఫెవిక్విక్‌తో అతికించా. ఎడమ పక్క నుంచి ఫోటోలు తీశా. ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే నాకు అంతకంటే మంచి ఐడియా వచ్చింది. 'రేర్' తీసేశా. 'వింటేజ్' ఉంచా, అది నిజమే. 'హ్యాండ్‌బిల్ట్' కూడా ఉంచా. కొత్తగా ఒక వాక్యం కలిపా: "భారతీయ రైల్వేలో డబ్ల్యుపి ఇంజన్ల మీద పనిచేసిన రిటైర్డ్ ఫిట్టర్ ఇంటి నుంచి." ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. మళ్ళీ చదువుకుంటే నాకే కొనాలనిపించింది. 120 అయినా పలుకుతుందనుకున్నా. నన్ను మోసం చేసినవాడి మీద నెల రోజులు రగిలినవాణ్ణి, ఆ క్షణంలో నాకు వాడు అసలు గుర్తే రాలేదు.

తాత మంచినీళ్ళకని లేచొచ్చాడు. "ఏం రాస్తా ఉండావు, చదువు." తెలుగులో చెప్పా. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి నా గొంతు చిన్నదైంది.

ఆయన తిట్టలేదు. "నా పేరెందుకురా దాని మీద?" అన్నాడు. పేరు రాయలేదు తాతా, ఫిట్టర్ అని మాత్రమే, అన్నా. "ఫిట్టర్ అంటే పేరు కాదా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. షెడ్‌లో డ్రైవర్ ఇంజన్ దిగేటప్పుడు ఏమేం తేడాలున్నాయో రిపేర్ బుక్‌లో రాసి పోతాడట. ఫిట్టర్ ఒక్కోటి చూసి, చేసి, పక్కన సంతకం పెడతాడు. తర్వాత వచ్చే డ్రైవర్‌కి ఇంజన్ తెలియదు, ఆ సంతకమే తెలుసు. "చూడకుండా సంతకం పెట్టినోణ్ణి ఒకణ్ణి చూశా" అని ఆపేశాడు. ఏమైందని అడిగితే, "ఆ బ్యాటరీ యాడుందో తే" అన్నాడు.

రాత్రి పన్నెండుకి వరండాలో లైటేసుకుని కూర్చున్నాం. బ్యాటరీ పెడితే చలనం లేదు. కింద స్క్రూలు విప్పి మోటర్ తీశాం. నాయనమ్మ దూదిపుల్లలు, స్కూటర్ పెట్రోలు. కమ్యుటేటర్ మీద నల్లటి జిడ్డు. కార్బన్ బ్రష్ ఒకటి అరిగి పొట్టిదైపోయింది. తాత దాని స్ప్రింగు సాగదీసి పెట్టాడు. మళ్ళీ తాకించాం. ముందు చిన్న మెరుపు, కాలిన వాసన, తర్వాత గర్ర్‌మని ఆరు చక్రాలూ తిరిగాయి. కడ్డీలు పైకీ కిందికీ. "రివర్స్‌లో పోతాంది" అన్నాడు తాత, చేయి చెవి దగ్గర పెట్టుకుని వింటూ. వైర్లు మార్చమన్నాడు. బ్యాటరీ అయిపోయే దాకా ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉన్నాం.

తర్వాత ఆయన చెప్తుంటే నేను టైప్ చేశా. ప్రిన్సెస్ ఎలిజబెత్ బాడీ, డబ్ల్యుపి కాదు. టెండరుకి ఆరు చక్రాలే. బాడీ వంకర, కుడి పక్క ఫోటో చూడగలరు. ఒక బ్రష్ అరిగింది. 9 వోల్టుల మీద పరీక్షించాం, రెండు దిశల్లో తిరుగుతుంది. కొత్త పెయింట్ కింద నల్ల ప్లాస్టిక్. ఇలా మొత్తం 12 పాయింట్లు. వేలం పేజీలా లేదు, రిపేర్ బుక్‌లా ఉంది. బాబాయి ఫోన్‌లో చూసి, "ఎవడు కొంటాడురా దీన్ని?" అన్నాడు.

21 పౌండ్లకి పోయింది. కొన్నాయన బాబాయికి రాశాడట, తన చిన్నప్పటి ప్రిన్సెస్‌కి చక్రాలూ మోటరూ కావాలి, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ అని. నాకు 69 పౌండ్లు నష్టం. అంటే ఏడు వేలకి పైనే. ఆ సెమ్‌లో ఫెస్ట్‌కి రాలేదెందుకని అడిగినవాళ్ళకి ఇదీ సమాధానం.

పార్సిల్ కట్టే ముందు మాత్రం తాత ముక్కు మళ్ళీ పీకేశాడు. ఇవ్వనన్నాడు. ఇప్పుడది టీవీ పక్కన, ఆయన బీపీ మాత్రల డబ్బా మీద ఉంటుంది, నక్షత్రం పైకి పెట్టి. నేను ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచి 13వ పాయింట్ కలిపా: ముక్కు లేదు.