మా నాయన వినికిడి

మా షోలాపురములో తెలుగువారి పేటలను నిదురలేపునది కోడికూత గాదు, సాంచాల మోత. మరమగ్గములనే మావారు సాంచాలందురు. నేతపని నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన మా పెద్దలు చేతిమగ్గములతో ఆరంభించిరి. తరువాతి తరములు సాంచాలకు మారినవి. మా నాయన 26 సంవత్సరములనుండి తువ్వాళ్ళు నేయు షెడ్డులో పనిచేయుచున్నారు.

తమకు చెవుడు లేదని ఆయన వాదము. తలుపు తట్టిన వినబడును, లారీ హారను వినబడును, ఇక లోపమెక్కడ? కాని అమ్మ "పాలు" అనినచో "ఏమి చాలు?" అని యడుగుదురు. రోగమంతయు ఇందులోనే యున్నది. పాలు, చాలు, కాలు అను పదములలో అచ్చులు బలముగా ధ్వనించి చెవిని చేరును. పదమును పదమునుండి వేరుచేయు మొదటి హల్లు మాత్రము క్షణకాలపు బలహీనధ్వని. ఏండ్లకొలది మోత తగిలినచో లోపలిచెవిలోని సూక్ష్మరోమకణములు నశించును. సాధారణముగా మొదట దెబ్బతినునవి సెకనుకు 4000 కంపనముల ప్రాంతపు సన్నని ధ్వనులను గ్రహించునవి. మనుష్యులలో అవి మరల మొలవవు. అందుచేత మాట వినబడును, అర్థము కాదు.

మోతకును కాలమునకును లెక్క యున్నది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1998లో 8 గంటల పనికి 85 డెసిబెళ్ళు హద్దని సూచించినది. ఆపైన 3 డెసిబెళ్ళు పెరిగినప్పుడెల్ల కాలమును సగము చేయవలెను. అనగా 97 డెసిబెళ్ళ మోతలో అరగంటయే! సాంచాల షెడ్లలో మోత 90 దాటుట సామాన్యము.

ఒకమారు ఒక షెడ్డులో చెవి పరీక్ష పెట్టిరి. పని దిగినవారిని దిగినట్లే కూర్చుండబెట్టి, ప్రక్కగదిలో సాంచాలు ఆడుచుండగనే యంత్రము చెవులకు తగిలించిరి. దానిని పరీక్ష యనుటకు నాకు మనసొప్పదు. మోతనుండి వచ్చిన చెవి కొన్ని గంటలు మొద్దుబారి యుండును; ఆ తాత్కాలిక లోపము శాశ్వత లోపముతో కలిసిపోవును. కనీసము 14 గంటలు మోతకు దూరముగా నుండిన పిమ్మట, నిశ్శబ్దపు గదిలో, ఒక్కొక్క చెవికి వేరుగా, 500 మొదలు 8000 కంపనముల వరకు వినగలిగిన అతి మెల్లని ధ్వనిని గుర్తింపవలెను. గీత 4000 వద్ద లోయవలె దిగి 8000 వద్ద మరల లేచినచో మోతను అనుమానింపవలెను. వార్ధక్యపు చెవుడులో సాధారణముగా ఆ లేచుట కానరాదు. పనిలో చేరిననాడే తీసిన గీత యొకటి యున్నచో ఏటేట పోల్చి చూడవచ్చును. మా నాయనకు అట్టిది లేదు.

కాగితము యజమాని చేతికి పోయినచో పని పోవునేమో యని ఆయన భయము. అది నిరాధారమని నేననజాలను. చెవి పోయినవానిని పంపివేసి మోతను మాత్రము ఉంచుకొనుట ఎక్కడి న్యాయము?

ఎట్టకేలకు వచ్చు వారపు సెలవునాడు ఆసుపత్రికి వచ్చుటకు ఒప్పుకొనిరి. అచట ధ్వనులతో పాటు మాటల పరీక్షయు నుండును. ఆయన మరాఠీ బజారు వరకే. ఇంటి మాట తెలుగు. మరాఠీ పదము తప్పినచో తప్పు చెవిదో భాషదో ఎట్లు తెలియును? తెలుగు పదములతో పరీక్షింపుడని అడుగుటకు నేనును వెంట వెళ్ళుచున్నాను.