కాకినాడ బస్సు

రామచంద్రపురం బస్టాండు పొద్దున్నే నిండిపోతుంది. ద్రాక్షారామ భీమేశ్వరుణ్ని చూసుకుని తిరిగెళ్లే భక్తులు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రి కాగితాల సంచులు పట్టుకున్న పెద్దలు... 2022లో కోనసీమ జిల్లాలో చేరి అమలాపురం జిల్లా కేంద్రమైనా, గోదావరి అడ్డం లేని కాకినాడ వైపే ఈ ఊరికి మొగ్గు ఎక్కువ. వేళంగి, కరప మీదుగా వరిచేల మధ్య సుమారు 30 కిలోమీటర్లు.

ఆ బస్సులో పాతికేళ్ల కుర్రాడొకణ్ని ఊహించుకోండి. కిటికీ పక్కన కూర్చున్నాడు. మగవాళ్లనే ఇష్టపడే మనసు అతనిది. దానికి తోడు హెచ్‌ఐవీ. దాచుకోవాల్సింది ఒకటి కాదు, రెండు. ఒకటి తెలిస్తే రెండోదాన్ని ఊరు తనే ఊహించేసుకుంటుందని భయం. దగ్గర్లో రక్తపరీక్ష చేసేచోటు ఉన్నా తెలిసిన ముఖం ఎదురవుతుందేమోనని దూరం వెళ్లేది అందుకే.

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. దేశంలో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో పూటపూటా మాత్రలు, వాటితో వచ్చే బాధలు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. మానకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్నంతకాలం శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదు. దాదాపు అందరిలాగే బతకొచ్చు. మానేస్తే మాత్రం కథ మళ్లీ మొదటికే.

అసలు చిక్కు ఆ డబ్బా దగ్గరే. నలుగురున్న ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలి? లేబులు చించి 'విటమిన్' అనడం పాత ఉపాయం. ఈలోగా అమ్మ సంబంధాలు చూస్తుంటుంది. 'ఉద్యోగం స్థిరపడనీ' అన్నమాట ఎన్నాళ్లు ఆగుతుంది? తలొంచి తాళి కడితే మోసపోయేది ఏమీ తెలియని ఆడపిల్ల. తెలిసిన కుర్రాళ్లు వద్దనే చెబుతారు, ఎందుకో చెప్పలేక.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదంది. అదే నెల 10న హెచ్‌ఐవీ చట్టం అమల్లోకొచ్చింది. ఒకరి పరిస్థితిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, వైద్యం, ఉద్యోగం దగ్గర వివక్ష చూపకూడదు అంటుంది ఆ చట్టం. బాగానే ఉంది. కానీ ఏఆర్‌టీ మందులు వాడే పేదలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులైలో నెలకు 4,000 రూపాయలు చేసిన పింఛనూ ఉంది కదా. ఎవరో అడుగుతారు, 'కుర్రాడికి పింఛనేంటి?' అని. అర్హతున్నా దరఖాస్తు పెట్టడానికి జంకు అక్కడే.

సందేహాలకు 1097 ఉంది. పేరు చెప్పక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. పెరట్లోకెళ్లి గొంతు తగ్గించి మాట్లాడుకోవచ్చు.

సాయంత్రం తిరుగు బస్సులో కుర్రాడి ఒళ్లో సంచి. అడుగున మాత్రల డబ్బాలు, పైన కాకినాడ కాజాల పొట్లం. ఇంట్లో ముందు తెరిచేది పొట్లాన్నే.