గుర్రం లేని సవారీ

అమరావతి కుర్రాడొకడు ఉత్తర చైనా కుంగ్‌ఫూ నేర్పే క్లబ్బులో చేరాడనుకుందాం. బ్రూస్‌లీ సినిమాలు చూసి ఉంటాడు. మొదటిరోజే గాల్లోకి ఎగిరి తన్నేయాలని ఆశ. మాస్టారేమో గుర్రం ఎక్కమంటారు. అక్కడ గుర్రం ఉండదు! కాళ్లు ఎడంగా పెట్టి, వెన్ను నిటారుగా ఉంచి, తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగి, అలాగే ఉండిపోవాలి. చైనావాళ్లు దీన్ని ‘మాబూ’ అంటారు. మన బళ్లో వేయించే గోడకుర్చీయే... గోడ తీసేశారంతే. నిమిషం తిరక్కుండానే తొడలు వణుకుతాయి.

తర్వాత ‘తాన్‌తుయ్’. పన్నెండు వరసలు. కొట్టిందే కొట్టాలి, తన్నిందే తన్నాలి. ఆ తన్నులైనా చాలావరకు నడుము దాటవు. ‘దక్షిణాది పిడికిలి, ఉత్తరాది కాలు’ అని చైనాలో నానుడి. బ్రూస్‌లీ కుర్రతనంలో హాంకాంగ్‌లో నేర్చుకున్న వింగ్‌చున్ దక్షిణాదిది. అంటే మనవాడు ఒక సినిమాకి టిక్కెట్టు కొని ఇంకో సినిమాలో కూర్చున్నట్టే!

అయినా మానడు. టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు ఉత్సాహపరుస్తూనే ఉంటారు. ‘కుంగ్‌ఫూ మనదేరా, బోధిధర్ముడు తీసుకెళ్లాడు’ అని. 2011లో వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ సినిమా ఆ మాటకు మరింత బలమిచ్చింది. మహాచైత్యం ఉన్న ఊళ్లో ఎవరికి మాత్రం నమ్మాలనిపించదు? కానీ బోధిధర్ముడి కాలం 5, 6 శతాబ్దాలు. ఆయన షావోలిన్‌లో వ్యాయామాలు నేర్పాడన్న కథ కనిపించేది 17వ శతాబ్దపు పుస్తకంలో. అది కల్పితమని చైనా చరిత్రకారుడు తాంగ్ హావో 1930లోనే రాశాడు. ఇక్కణ్నుంచి నిజంగా వెళ్లింది ఒక మాట. మన ‘ధ్యానం’ అక్కడ ‘చాన్’ అయింది, జపాన్ చేరి ‘జెన్’ అయింది. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడి కింద నిలబడి గర్వపడటానికి అది చాలదూ!

మరి ఈ విద్య కుర్రాడిదాకా ఎలా వచ్చింది? ఒకప్పుడు చైనాలో ఇలాంటి విద్యలు చాలావరకు ఇంటి గడప దాటేవి కావు. తండ్రి కొడుక్కి, గురువు నమ్మిన శిష్యుడికి... అంతే. పల్నాడువాళ్లకు ఇది వింతేం కాదు. కారంపూడి వీరారాధన ఉత్సవాలకు కొణతాలు మోసుకొచ్చే వీరాచారవంతులకు అవి వంశపారంపర్యంగా వచ్చినవే. ‘మిజోంగ్’ విద్యకు పేరుపడ్డ ఇంట పుట్టిన హువో యువాన్‌జియాకు బలహీనుడని తండ్రే నేర్పలేదని, చాటుగా చూసి నేర్చుకున్నాడని చెబుతారు. (2006లో జెట్‌లీ ‘ఫియర్‌లెస్’లో వేసింది ఈయన పాత్రే.) ఆయన పేరుమీద 1910లో షాంఘైలో ‘జింగ్‌వూ’ సంఘం మొదలైంది. అదే ఏడు ఆయన చనిపోయాడు. సంఘం మాత్రం ఆగలేదు. రకరకాల విద్యల గురువుల్ని ఒక్కచోట చేర్చి, అడిగినవాళ్లకు నేర్పింది. ఆ తర్వాత ఆడవాళ్లకూ నేర్పింది. అక్కడ అందరికీ నేర్పే పాఠాల్లో తాన్‌తుయ్ ఒకటి.

ఆ పాఠమే మనవాడు సాయంత్రం పెరట్లో మళ్లీ చేసుకుంటుంటాడు. పీర్ల పండక్కి కర్రసాము చేసిన పక్కింటి తాత గోడమీంచి చూస్తుంటాడు. ఆయన కర్ర చూరులో ఉంది. ఇంట్లో మనవళ్లెవరూ దాన్ని దించమనలేదు.

‘‘ఆ మోకాలు ఇంకాస్త వంచరా అబ్బాయ్!’’ అంటాడు తాత.