లావుక పిట్టల దారిలో

దసరా సెలవులకు నలుగురూ తిరుపతి పోతుంటే మేము నంద్యాల జిల్లాకు బయలుదేరాము. “పిట్టల కోసం ఇంతదూరమా?” అని మా ఆవిడ దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

మొదటిరోజు పొద్దున్నే ఆత్మకూరు దగ్గర, నల్లమల అంచున నడుస్తున్నాము. కాలు పెట్టబోయిన చోటినుంచి ఎనిమిదో తొమ్మిదో పిట్టలు బుర్రుమని లేచి, తలొక దిక్కూ పోయి పొదల్లో పడ్డాయి. అడవి లావుకలు! (తెలుగు పంతుల్ని గనుక ఒక్కమాట: సంస్కృతంలోని లావకమే మన లావుక.) ప్రమాదం కాలిదాకా వస్తేగాని ఈ పిట్ట లేవదు. రాత్రిపూట గుంపంతా ముఖాలు బయటికి పెట్టి, గుండ్రంగా కూర్చుని నిద్రపోతుంది.

మరునాటి సాయంత్రం నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు చేరాము. బట్టమేక పిట్టకోసం 1988లో ఏర్పరచిన అభయారణ్యమిది, 614 హెక్టార్లు. పేరుకు అరణ్యమేగాని చెట్టు అరుదు. ఎటుచూసినా గడ్డి, రాయి, ముళ్లపొద. బట్టమేక కనబడటం ఇప్పుడు గగనమే. మాకు కనబడ్డది దాని ఇరుగుపొరుగైన రాతి లావుక.

రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అడవిదానిలో మగపిట్టకు గొంతు చిక్కని ఎరుపు, కంటిమీది చార మెడవైపు పొడుగ్గా సాగుతుంది. రాతిదానికి గొంతు వెలిసిన ఇటుక రంగు, చార పొట్టి. ఆడపిట్టలను పోల్చుకోవడం నావల్ల కాలేదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంవారి జాబితాలో రెంటికీ ఒకటే మాట: ఆందోళన అక్కర్లేదని. 1972 నాటి వన్యప్రాణి చట్టం రెంటినీ వేటగాళ్లనుంచి కాపాడుతున్నది. ఆ జాబితా తప్పని నేననను. రాతి లావుక కూడా మన దక్కను మొదలు రాజస్థాన్ దాకా ఉన్నదే. కాని కేంద్ర ప్రభుత్వం అచ్చువేసిన బంజరు భూముల అట్లాసులో పొదలనేల ఒక పద్దు! నల్లమలలో చెట్టు కొడితే కేసు. ఈ అభయారణ్యం ఎల్ల దాటితే, పొదలు పీకి సౌరఫలకలు పరచడం అభివృద్ధి. పిట్టను పట్టడం నేరం, దాని ఇల్లు పడగొట్టడం కాదు.

మా మాటలు విని ఒక గొర్రెల కాపరి నవ్వాడు. “బంజరా? మరి ఇన్నేండ్లూ మా గొర్రెలు మేసిందేంది సార్?”

నాకు జవాబు తోచలేదు.

పొద్దు గూకింది. మా అలికిడికి చెదిరిన లావుకలు తలొక పొదనుంచీ సన్నగా కూసుకుంటూ, ఒక్కొక్కటే గుంపులో కలుస్తున్నాయి.

“అన్నీ వచ్చాయంటారా?” అంది మా ఆవిడ, లేవకుండా.